అత్తయ్య పోయిన నాటి నుంచి ఆవు చేపడం లేదు, అమ్మాయి ప్రయాణం కూడా దగ్గరపడింది

ఆనేకల్ తోటఇల్లు | ఫిబ్రవరి 5

సభ్యులందరికీ నమస్కారం. మాది బెంగళూరుకు దక్షిణాన ఆనేకల్ తాలూకాలో, అత్తిబెలె నుంచి లోపలికి వచ్చే దారిలో ఒక చిన్న పల్లె. మామగారి తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్నాము; ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. ముప్పాతిక ఎకరంలో ఇల్లు, కొట్టం, కోళ్ల గూడు, పదిహేను కొబ్బరిచెట్లు, గట్టు వెంబడి కొంత పచ్చగడ్డి ఉన్నాయి. మా వారు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగానికి వెళ్లి వస్తారు. పశువుల పని ముప్పై ఏళ్లుగా మా అత్తయ్యదే.

అత్తయ్య సంక్రాంతి వెళ్లిన వారానికి నిద్రలోనే కాలం చేశారు. ఆ సాయంత్రం కూడా పాలు పిండి, కోళ్లను మూసి, కాళ్లు కడుక్కుని దీపం పెట్టారు. మంచాన పడినవారైతే ఏ పని ఎలా చేయాలో నాలుగు మాటలు చెప్పి వెళతారు. ఆమెకు చెప్పే వ్యవధి దొరకలేదు, మాకు అడిగే వ్యవధీ దొరకలేదు. ఈ రోజుకు పదిహేను రోజులు.

గౌరి మా సీమావు. రెండో ఈత, ఈని నాలుగు నెలలు దాటింది. అత్తయ్య చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ఎరగదు. పూటకు ఆరు లీటర్లు ఇచ్చేది, ఆమె పోయిన మరునాటి నుంచి రెండున్నరకు పడిపోయింది. దూడను విడిస్తే చేపుతుంది, అంటే పొదుగులోకి పాలు వదులుతుంది. దూడను పక్కన కట్టి నేను కూర్చోగానే పాలు వదలకుండా ఎగచేపుతుంది. నాలుగు రోజులుగా రాగి గడ్డి సగమే తింటోంది, పేడ పలచబడింది. పాల సొసైటీలో వెన్న శాతం కూడా తగ్గిందని చెప్పారు. మా కుక్క కరియకు పదకొండేళ్లు. అత్తయ్యను తీసుకువెళ్లిన గేటు దగ్గర పడుకుని లేవడం లేదు, పెట్టినది ముట్టడం లేదు. నాటుకోళ్లు పద్దెనిమిది ఉండేవి, ఈ పదిహేను రోజుల్లో నాలుగు మాయమయ్యాయి.

పలకరించడానికి వచ్చిన బంధువులందరూ మూగజీవాలు బెంగపెట్టుకున్నాయని అంటున్నారు. నిజంగా అంతేనా, లేక మేము చేయవలసినది ఏదైనా చేయడం లేదా అన్నది నాకు తెలియడం లేదు. పైగా మార్చి రెండవ వారంలో మా అమ్మాయి పై చదువుకు జర్మనీ వెళుతోంది. దూడను పుట్టిన గంట నుంచి పెంచింది తనే. ఇంకో నెలలో ఈ కొట్టం నుంచి ఇంకొకరు కూడా వెళ్లిపోతారంటే నాకు గుండె జారిపోతోంది. తెలిసినవారు దయచేసి చెప్పండి.

బాగేపల్లి మనుమరాలు | ఫిబ్రవరి 5

అక్కయ్యా, మీ లేఖ చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా అవ్వ పోయినప్పుడు మా ఇంట్లోనూ ఇదే జరిగింది. అప్పుడు మా అమ్మ అవ్వ కట్టుకునే పాత నూలు చీరను భుజం మీద నుంచి కప్పుకుని పిండేది. మొదటి రోజున ఆవు ఆ చీర కొంగును చాలాసేపు వాసన చూసింది, తరువాత నెమ్మదిగా నెమరు వేయడం మొదలుపెట్టింది. మీ అత్తగారి చీర ఒకటి ఉతకకుండా మిగిలి ఉంటే అలా చేసి చూడండి. చెంబు, పీట, కాళ్లకు కట్టే తాడు కూడా ఆమె వాడినవే వాడండి. ఏవీ మార్చకండి.

సర్జాపుర పాడి | ఫిబ్రవరి 5

చీరల వల్ల పాలు రావు. మా వైపు చాలామంది పాలు పిండే ముందు ఒక సూది వేస్తారు, రెండు నిమిషాల్లో పొదుగు ఖాళీ అవుతుంది. మందు అమ్మేవారి దగ్గర సులువుగానే దొరుకుతుంది. రోజూ ఇంత పాలు నష్టపోవడం కంటే అది మేలని నా అభిప్రాయం.

విశ్రాంత పశువైద్యుడు | ఫిబ్రవరి 5

అమ్మా, ముందుగా మీ అత్తగారికి నా నమస్సులు. నేను హెబ్బాళలో 1958లో మొదలైన పశువైద్య కళాశాలలో చదివి, ముప్పై మూడేళ్లు పల్లె ఆసుపత్రుల్లో పనిచేసినవాడిని. ఆ అనుభవంతో చెబుతున్నాను: సూది మాట తలపెట్టకండి. ఆ సూదిలో ఉండేది ఆక్సిటోసిన్. దానికి అలవాటుపడిన ఆవు ఆ తరువాత సూది లేకుండా చేపడం మానేస్తుంది, గర్భకోశం దెబ్బతింటుంది. పశువు ఆరోగ్యానికి హాని కలిగేలా పాల కోసం మందు ఎక్కించడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 12వ సెక్షన్ కింద శిక్షార్హమైన నేరం. సర్జాపుర సోదరుడు మేలు కోరే చెప్పి ఉంటారు, అయినా ఈ మాట ఇక్కడ ఇలాగే నిలిచిపోతే మరొకరు చదివి ఆచరిస్తారనే భయంతో ఇంత గట్టిగా రాస్తున్నాను.

మీ లేఖను రెండుసార్లు చదివాను. అందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. పాలు తగ్గింది పదిహేను రోజుల కిందట. మేత తగ్గి పేడ పలచబడింది నాలుగు రోజుల కిందట. రెండింటికీ బెంగే కారణమైతే రెండూ ఒకే రోజున మొదలై ఉండాలి. నాలుగు రోజుల కిందట మీ ఇంట్లో పెద్దకర్మ జరిగి ఉంటుంది. ఆ రోజు మిగిలిన అన్నం, పరమాన్నం ఆవుకు పెట్టారా? పెట్టి ఉంటే మొదట చూడవలసినది దాని కడుపునే. ఉడికిన అన్నం ఎక్కువగా పడితే పెద్దపొట్టలో త్వరగా పులిసి లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది, మేతను జీర్ణం చేసే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, పేడ పలచగా పుల్లని వాసనతో పడుతుంది. పెళ్లిళ్ల మరునాడు, కర్మల మరునాడు నేను చూసిన పశువుల్లో సగానికి ఇదే బాధ. ఎక్కువ తిన్నవి రెండు మూడు రోజుల్లో చనిపోవడమూ చూశాను. మీ ఆవు నాలుగు రోజులు నిలబడి సగం మేత తింటోందంటే తేలికపాటిదే అయి ఉండాలి, అయినా ఈ రోజే డాక్టరుకు చూపించండి. తాలూకా ఆసుపత్రికి నడిపించలేకపోతే 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెబుతారు. వారు వచ్చేలోగా ఎడమ డొక్కలోని గుంటపై పిడికిలి ఆనించి ఉంచండి. పెద్దపొట్ట రెండు నిమిషాల్లో రెండు మూడు సార్లు అల లాగా కదలాలి. దాణా ఆపి ఎండుగడ్డి మాత్రమే వేయండి. నాలుగు చన్నుల మొదటి ధారలనూ నల్లని గిన్నెలో పిండి, గడ్డలు కడుతున్నాయేమో చూడండి, ఎందుకంటే పదిహేను రోజులుగా పాలు పొదుగులో మిగిలిపోతున్నాయి కనుక పొదుగువాపు రావడానికి అవకాశం ఉంది.

ఇక ఎగచేపడం గురించి. పొదుగును కడిగి తుడిచినప్పుడు, దూడ మూతి తగిలినప్పుడు, చెంబు చప్పుడు విన్నప్పుడు ఆవు మెదడు నుంచి ఆ ఆక్సిటోసిన్ దానంతట అదే రక్తంలోకి వస్తుంది. దాని ప్రభావం ఐదారు నిమిషాలే ఉంటుంది. కొత్త మనిషిని చూసి బెదిరితే అడ్రినలిన్ దాన్ని అడ్డుకుంటుంది. చివరి ధారల్లోనే వెన్న ఎక్కువగా ఉంటుంది, అవి రాకపోతే సొసైటీలో శాతం తగ్గుతుంది. అన్నం వల్ల కలిగే ఆమ్లత్వంతోనూ వెన్న తగ్గుతుంది. అందువల్ల ఆ శాతాన్ని బట్టి ఏదీ తేల్చలేము. బాగేపల్లి అమ్మాయి చీర గురించి చెప్పినది పల్లెల్లో నేను చాలాసార్లు చూసిన పద్ధతే. ఆవుకు వాసన జ్ఞాపకం బలంగా ఉంటుంది. దానిని తప్పక పాటించండి.

నిర్వాహకులు | ఫిబ్రవరి 5

మందుల మోతాదులను ఎవరూ ఇక్కడ రాయవద్దని, పశువును కళ్లారా చూసిన డాక్టరు మాటే ఆఖరుదని సభ్యులకు మనవి. సూది సలహాను తొలగించడం లేదు, దాని కింద ఉన్న సమాధానాన్ని అందరూ చదవాలని అలాగే ఉంచుతున్నాము.

ఆనేకల్ తోటఇల్లు | ఫిబ్రవరి 7

డాక్టరు గారూ, మీ ప్రశ్న చదివి నాకు చెమటలు పట్టాయి. పెద్దకర్మ నాడు మిగిలిన అన్నం రెండు గంపలు, సగం బిందెడు పరమాన్నం ఎవరో కొట్టంలో పెట్టారు. పెద్దవారి పేరు మీద చేసిన వంట గోమాతకు పెడితే పుణ్యమని ఎవరమూ అడ్డు చెప్పలేదు. అత్తయ్య ఉంటే అరచేతిలో ఒక్క ముద్ద పెట్టి, గంపను అక్కడి నుంచి తీయించేవారు. మా పెళ్లినాడూ, ఆడపడుచు పెళ్లినాడూ ఆమె అలా తీయించడం నేను చూశాను. పిసినారితనం అనుకున్నానే గానీ ఎందుకని ఒక్కనాడూ అడగలేదు.

నిన్న వాహనం వచ్చింది. డాక్టరమ్మ పొట్ట చూసి తేలికపాటి ఆమ్లత్వమేనని చెప్పి, సోడా ఉప్పు నీళ్లలో కలిపి తాగించి, మందులు ఇచ్చారు. పొదుగులో గడ్డలు లేవు. ఈ ఉదయానికి పేడ గట్టిపడింది, గడ్డి మొత్తం తింది.

పాలు మాత్రం రెండున్నర దగ్గరే ఉన్నాయి.

ఒక సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. అత్తయ్య గౌరిని పిలిచిన పిలుపు మా అమ్మాయి ఫోనులో ఉంది, ఎప్పుడో సరదాగా తీసినది. పాలు పిండే సమయంలో దాన్ని వినిపించాము. గౌరి చెవులు నిక్కించి, కట్టుకొయ్య దగ్గర గిర్రున తిరిగి, ఇంటి వెనుక తలుపు వైపు చూస్తూ అరవడం మొదలుపెట్టింది. తలుపు తెరుచుకోలేదు. పావుగంట అరిచింది. మా వారు ఫోను లాగేసుకుని బయటికి వెళ్లిపోయారు. ఆ పని మళ్లీ చేయము, చదివినవారు ఎవరూ చేయవద్దు.

కోలారు మేష్టారు | ఫిబ్రవరి 8

అమ్మా, మీ ఇంటి దుఃఖంలో పాలు పంచుకుంటూనే ఒక మాట చెబుతున్నాను. చనిపోయినవారి కట్టుబట్టలను పదో రోజులోపే ఇచ్చివేయడమో నీళ్లలో వదలడమో మన పద్ధతి. వాటిని ఉంచుకుంటే ఇంట్లోవారి మనసు వెనక్కే లాగుతుంది. పశువు కోసమైనా ఆ చీరను రోజూ కప్పుకోవడం మీకు మంచిది కాదని నా భయం. ఆవుది అలవాటు మాత్రమే, నెల రోజుల్లో కొత్త చేతికి అదే అలవాటుపడుతుంది.

బాగేపల్లి మనుమరాలు | ఫిబ్రవరి 8

మేష్టారు గారూ, పెద్దలు, మీ మాటను కాదనడం లేదు. అయితే అవ్వల చీరలను బొంతలుగా కుట్టి పసిపిల్లలను పడుకోబెట్టడమూ మన పద్ధతే కదా. మా ఇంట్లో నలుగురు పిల్లలు మా ముత్తవ్వ చీరల బొంతలోనే పెరిగారు. నెల రోజులు ఆగితే ఆవు అలవాటుపడుతుందన్నది నిజమే కావచ్చు, కానీ ఆ నెల రోజులూ పొదుగులో పాలు మిగిలితే వాపు వస్తుందని డాక్టరు గారు చెప్పారు. ఆవుకు అవసరం తీరిన తరువాత చీరను ఏం చేయాలో అక్కయ్యే నిర్ణయించుకుంటారు.

హోసకోట నాటుకోళ్లు | ఫిబ్రవరి 8

కోళ్ల గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను. నేను ఎనిమిదేళ్లుగా నాటుకోళ్లు పెంచుతున్నాను, ఈ వైపు ఉన్న శత్రువులన్నింటితోనూ నష్టపోయాను. పోయిన కోళ్లు ఎలా పోయాయో చెబితే దొంగ ఎవరో చెప్పవచ్చు. ముంగిస పగటిపూట వస్తుంది, గుడ్లను పగలగొట్టి తాగుతుంది, పిల్లలను ఎత్తుకుపోతుంది. పాము గుడ్డును మొత్తంగా మింగుతుంది కనుక పెంకు కూడా కనబడదు. పందికొక్కు గూడు కింద బొరియ తవ్వి వస్తుంది, మట్టి కుప్ప పడి ఉంటుంది. పెద్ద కోడి రాత్రిపూట చప్పుడు లేకుండా నాలుగు ఈకలు మాత్రమే మిగిల్చి పోయిందంటే అడవిపిల్లి గానీ పునుగుపిల్లి గానీ అయి ఉండాలి. వీటికి ఉచ్చు వేయడం, విషం పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. గూడును గట్టిచేసుకోవడమే మన చేతిలో ఉన్న పని. అంగట్లో కోడి వల అని అమ్మే ఆరుపలకల సన్నతీగ జాలీ కోడిని లోపల ఉంచగలదే గానీ పిల్లిని బయట ఉంచలేదు. అరంగుళం గళ్ల వెల్డింగ్ జాలీ కొని, దాని అంచును నేలలో అడుగు లోతు పాతండి.

గడ్డివామి పరిస్థితి కూడా చూడండి. రోజూ కదిలించే వామిలో ఎలుకలు నిలవవు. కదిలించేవారు లేక పదిహేను రోజులు పడి ఉంటే ఎలుకలు చేరతాయి, ఎలుకల వెనుక నాగుపాము, రక్తపింజరి వస్తాయి. చేత్తో గడ్డి లాగకండి, దోటితో లాగండి.

ఆనేకల్ తోటఇల్లు | ఫిబ్రవరి 11

అందరికీ ఒకేసారి రాస్తున్నాను, క్షమించండి.

కోళ్లు పెద్దవే, రాత్రివేళే పోయాయి, ఈకలు తప్ప ఏమీ లేవు. హోసకోట వారు చెప్పిన తరువాత గూడు తలుపును పరిశీలించాము. గడియ ఎన్నేళ్ల కిందట విరిగిందో ఎవరికీ తెలియదు. తలుపు పక్కన నునుపైన ఒక సన్నికల్లు ముక్క పడి ఉంది. అమ్మాయి దాన్ని ఎత్తి చూస్తే తలుపు కింది అంచులో సరిగ్గా దానికి తగిన ఒరిపిడి గుంట ఉంది. అంటే ప్రతి సాయంత్రం దీపాల వేళ అత్తయ్య కోళ్లను తోలి, తలుపు మూసి, ఆ రాతిని ఆనించేవారు. మేము తలుపు దగ్గరికి వేసి వచ్చేస్తున్నాము. నేను ఇరవై రెండేళ్లుగా ఈ ఇంటి కోడలిని, ఆ రాయి ఎందుకుందో నాకు తెలియదు. రాయి పెట్టిన రాత్రి నుంచి కోళ్లు పద్నాలుగూ ఉన్నాయి. జాలీకి మనిషిని పిలిచాము.

ఇలాంటివే ఇంకా బయటపడుతున్నాయి. వామి అడుగున నిజంగానే ఎలుకల బొరియలు ఉన్నాయి. ఆమె రోజూ ఒకే వైపు నుంచి కాక చుట్టూ తిరిగి గడ్డి లాగేవారని మా వారికి ఇప్పుడు జ్ఞాపకం వచ్చింది. కొట్టం గోడ మీద వేపాకు కట్ట ఎండిపోయి ఉంది, దాన్ని ఎన్నాళ్లకొకసారి మార్చేవారో తెలియదు. బంధువులు పశువుల బెంగ అని చెప్పిన చాలా సంగతులు ఆమె చేసే పని ఆగిపోవడం వల్ల వచ్చినవేనని నాకు తోస్తోంది.

చీర సంగతి. మేష్టారు గారి మాట మీద రెండు రోజులు ఆలోచించి, మా వారిని అడిగాను. ‘అమ్మ పనికి వెళ్లిన చీర అది, పనికే ఉండనీ’ అన్నారు. నీలం అంచు నూలు చీర ఒకటి కొట్టం కొయ్యకే వేలాడుతూ మిగిలిపోయింది, ఆమె రోజూ పాలు పిండేటప్పుడు నడుముకు చుట్టుకునేది. అదే చుట్టుకుని కూర్చున్నాను. గౌరి మెడ తిప్పి నా నడుము దగ్గర ముట్టె ఆనించి చాలాసేపు ఊపిరి పీల్చింది. నాకు కన్నీళ్లు ఆగలేదు, చేతులు ఆడలేదు. అమ్మాయి వచ్చి దూడను నా భుజం పక్కగా, ఆవుకు కనబడేలా నిలబెట్టింది. ఆ పూట మూడున్నర లీటర్లు వచ్చాయి. నిన్న నాలుగు.

చెన్నపట్నం దొడ్డివాసి | ఫిబ్రవరి 12

నేను ఒక సంగతి చెప్పదలిచాను, ఇది మీ అమ్మాయి ప్రయాణానికి పనికొస్తుంది. మాది చెన్నైకి ఉత్తరాన రెడ్‌హిల్స్ దాటిన తరువాత ఉన్న తెలుగువారి పల్లె. నాన్నకు చూపు తగ్గి, దొడ్డి అమ్మి నా అపార్ట్‌మెంటుకు రావలసి వచ్చింది. రెండు ఆవులను ఊత్తుకోట దగ్గర ఉన్న మేనమామ కుమారుడికి ఇద్దామనుకున్నాము. నేను ఒక్క రోజులో బండి ఎక్కించేద్దామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. ఆడపిల్లను పంపేటప్పుడు అప్పగింతలు ఉంటాయి కదా, వీటికి ఎందుకు ఉండకూడదని అడిగింది. ఆవులు వెళ్లబోయే ఇంటి నుంచి మా మరదలిని పిలిపించి పది రోజులు ఇంట్లో ఉంచుకుంది. మొదటి మూడు రోజులు ఆ అమ్మాయి కేవలం పక్కన నిలబడి దాణా చేతితో తినిపించింది. తరువాత మూడు రోజులు రెండు చన్నులు అమ్మ, రెండు చన్నులు ఆ అమ్మాయి పిండారు. ఏడవ రోజు నుంచి అమ్మ కొట్టం బయట కూర్చుని మాట్లాడుతూ ఉంది, లోపలికి వెళ్లలేదు. పదో రోజున బండి ఎక్కించాము.

పశువును ఇచ్చేటప్పుడు మెడకు కట్టే పలుపుతాడు ఇవ్వకూడదని మా ఊరి ఆచారం. పలుపుతో పాటు ఇంటి పాడి వెళ్లిపోతుందని అంటారు. అమ్మ పలుపు విప్పి ఉంచుకుంది గానీ మెడలోని గంటలు మాత్రం తీయలేదు. ఆ చప్పుడు వింటూ వాటికి కొత్త చోట నిద్ర పడుతుందని చెప్పింది. ఆ పలుపులు ఇప్పుడు మా మూడవ అంతస్తు వంటింటి మేకుకు ఉన్నాయి, అమ్మ వాటిని కదల్చనివ్వదు. ఆవులు అక్కడ మొదటి పూటే పాలు ఇచ్చాయి.

మీ అత్తగారికి ఆ అవకాశం దొరకలేదు. మీ అమ్మాయికి నెల రోజులు ఉంది.

సర్జాపుర పాడి | ఫిబ్రవరి 12

అమ్మా, నేను మొదట రాసిన సలహాకు క్షమాపణ చెబుతున్నాను. డాక్టరు గారి వివరణ చదివిన తరువాత మా కొట్టంలోనూ ఆ సూది మాన్పించాను. రెండు ఆవులు ఇంకా సరిగా చేపడం లేదు, దూడలను దగ్గర కట్టి ఓపికగా చూస్తున్నాను. మీ కుక్క సంగతి ఏమైంది? మా వైపు కుక్కలకు పిడుదుల జ్వరం విపరీతంగా ఉంది. చెవుల లోపల, కాలివేళ్ల మధ్య పిడుదులు ఉన్నాయేమో చూడండి, చిగుళ్లు పాలిపోయి ఉంటే ఆలస్యం చేయవద్దు.

ఆనేకల్ తోటఇల్లు | ఫిబ్రవరి 16

సర్జాపుర సోదరా, క్షమాపణ అవసరం లేదు, మీ మాట వల్ల కరియ బతికింది. బెంగ అనుకుని వదిలేసిన కుక్కకు నూట నాలుగు డిగ్రీల జ్వరం ఉంది. రక్తపరీక్షలో పిడుదుల జ్వరమని తేలింది, ప్లేట్‌లెట్లు బాగా తగ్గాయి. నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ ఇవ్వమన్నారు. ప్రతి ఆదివారం అత్తయ్య దాన్ని ఎండలో పడుకోబెట్టి, చెవుల్లోంచి పిడుదులు తీసి కిరోసిన్ డబ్బాలో వేయడం మాకందరికీ కళ్ల ముందు ఉన్న దృశ్యమే, అయినా ఎవరికీ స్ఫురించలేదు. మూడో రోజుకు జ్వరం తగ్గి అన్నం తింటోంది. తిన్న తరువాత మళ్లీ గేటు దగ్గరికే వెళ్లి పడుకుంటోంది. దానికి మాత్రం మందు లేదని డాక్టరు చెప్పారు.

చెన్నై వారి లేఖను మా అమ్మాయి చదివి, ఆ సాయంత్రం నుంచే దూడను నాకు అలవాటు చేయడం మొదలుపెట్టింది. దూడ తుంగకు తనే పాలు వదలడం, తనే నీళ్లు పెట్టడం మానుకుని నన్ను ముందుకు పంపి తను వెనుక నిలబడుతోంది.

అమ్మాయి ఇంకొకటి కనిపెట్టింది. డాక్టరు గారు చూసి చెప్పాలి. వంటింట్లో తెలుగు క్యాలెండరు వెనుక పాత సంవత్సరం క్యాలెండరు కూడా అదే మేకుకు ఉంది. అత్తయ్యకు చదవడం రాయడం రాదు, అంకెలు మాత్రం తెలుసు. అక్టోబరు 28, నవంబరు 18, డిసెంబరు 9 తేదీల చుట్టూ కాటుకతో సున్నాలు చుట్టి ఉన్నాయి. డిసెంబరు 9 సున్నా మీద కుంకుమతో అడ్డగీత ఉంది. డిసెంబరు 30న సున్నా లేదు, చిన్న చుక్క మాత్రం ఉంది. కొత్త క్యాలెండరులో జనవరి 20న అలాంటిదే ఇంకో చుక్క ఉంది. ఆమె పోయింది ఆ రాత్రే.

విశ్రాంత పశువైద్యుడు | ఫిబ్రవరి 16

అమ్మా, ఆ తేదీలను కాగితం మీద వేసుకుని లెక్కపెట్టాను. ప్రతి రెండింటికీ మధ్య సరిగ్గా 21 రోజులు ఉన్నాయి. ఆవు ఎదకు వచ్చే వ్యవధి అది. సున్నా అంటే ఎదకు వచ్చిన రోజు. కుంకుమ గీత అంటే ఆ రోజు కృత్రిమ గర్భధారణతో కట్టించారు. మీ ఊరికి వచ్చే గర్భధారణ కార్యకర్తను అడిగితే ఆ తేదీ ఆయన పుస్తకంలో ఉంటుంది. ఆ తరువాత 21వ రోజున ఆమె ఆవును గమనించి, ఎద రాలేదని చుక్క పెట్టారు. మరో 21 రోజులకు, జనవరి 20న, మళ్లీ గమనించి మళ్లీ చుక్క పెట్టారు. వరుసగా రెండుసార్లు ఎదకు రాలేదంటే గౌరి చూడిదై ఉండే అవకాశం ఎక్కువ. తరువాతి తేదీ ఫిబ్రవరి 10, అది గడిచిపోయింది. ఆ రోజు అరుపులు, వెనుక నుంచి జారే జిగురు తీగలు, ఒకదాని మీద ఒకటి ఎక్కడం వంటివి మీరెవరూ చూసి ఉండకపోతే ఆశ మరింత పెరుగుతుంది. నిర్ధారణ మాత్రం చేయించాలి. కట్టించి తొంభై రోజులు నిండే మార్చి 9 నాటికి డాక్టరు చేతితో చూసి ఖాయంగా చెప్పగలరు.

ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో రిజిస్టర్లు ఎన్నో చూశాను. ఇంత శుద్ధంగా ఉన్నవి కొన్నే.

కోలారు మేష్టారు | ఫిబ్రవరి 17

ఆ క్యాలెండరును భద్రంగా ఉంచండి, అమ్మా. చీర విషయంలో నేను చెప్పిన మాటను వెనక్కి తీసుకుంటున్నాను.

ఆనేకల్ తోటఇల్లు | మార్చి 13

దాదాపు నెల తరువాత రాస్తున్నాను. గౌరి ఇప్పుడు పూటకు ఐదు లీటర్లు ఇస్తోంది. చీరను మొదట నడుముకు చుట్టుకునేదాన్ని, తరువాత పీట మీద పరుచుకున్నాను, ఈ వారం నుంచి కొయ్యకు తగిలించి ఉంచితే చాలుతోంది. గూటికి కొత్త జాలీ, కొత్త గడియ పెట్టించాము. అయినా రాతిని కూడా ఆనిస్తున్నాము, గుంట దానిదే కదా. ఒక పెట్ట పొదిగి ఇరవై ఒకటో రోజున తొమ్మిది పిల్లలను చేసింది. ఆరో రోజున కొక్కెర తెగులు టీకాను కంట్లో వేయించాము.

మార్చి 9న డాక్టరమ్మ వచ్చి చూసి, గౌరి మూడు నెలల చూడిదని చెప్పారు. మా వారు కొట్టంలోనే కింద కూర్చుండిపోయారు.

అమ్మాయి నిన్న వెళ్లింది. విమానం పొద్దున పదకొండు గంటలకు, దేవనహళ్లి ఇక్కడి నుంచి రెండు గంటల పైమాటే, అందుకని నాలుగింటికే లేచాము. పూజ గదికి వెళ్లి దండం పెట్టుకుని, నానమ్మ పటం దగ్గర నిలబడి, తరువాత కొట్టంలోకి వెళ్లింది. ఆ పూట పాలు తనే పిండుతానని అడిగింది. నేను చీర కొయ్యకు ఉందని చెప్పాను, తీసుకోలేదు. గౌరి చేపింది. తుంగ మెడ కింద గోకి ‘వెళ్లొస్తాను’ అని చెప్పింది. కరియ గేటు దగ్గర లేచి నిలబడి తోక ఆడించింది, కారు మలుపు తిరిగేదాకా నిలబడే ఉంది.

రాత్రి ఇంటికి వచ్చి వంటింట్లో దీపం వేస్తే క్యాలెండరు సెప్టెంబరు పేజీకి తిప్పి ఉంది. 15వ తేదీ చుట్టూ కాటుకతో సున్నా చుట్టి, దాని కింద చిన్న అక్షరాలతో ‘ఈత’ అని రాసి వెళ్లింది.